అర్జీలో పెళ్ళి గడి



పౌరసత్వం కోసం అర్జీ పెట్టుకున్న మనిషి ఎవర్ని ప్రేమిస్తాడో, ఎవరితో కాపురం చేస్తాడో సర్కారుకెందుకు? మగవాడు మగవాణ్ణి, ఆడది ఆడదాన్ని ఇష్టపడితే ఆ అర్జీ చెల్లకుండా పోతుందా? రేడియోలో ఇదేం ప్రశ్న అనుకోకండి. కరువు సీమలో ఉన్న మనకు ఇది అంత దూరపు మాటేమీ కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం జిల్లా ఇది. బుడ్డలు ఎండిపోయిన ఏడు కొందరు బెంగుళూరుకు రైలెక్కుతారు, చదువుకున్న పిల్లలు అమెరికాకు విమానమెక్కుతారు. అటునుంచి ఇటు వచ్చినవాళ్ళూ ఉన్నారు. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ గారిని 1968లో దేశం విడిచి వెళ్ళమన్నారు. మరుసటి ఏడే ఆయన తిరిగివచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. 1970లో అన్నే గారిని పెళ్ళాడారు, ఆవిడ ఇంగ్లండు ఆడపడుచు. ఇక పుట్టపర్తి వీధుల్లో విదేశీయులను చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు?

సరే, సంగతిలోకి వద్దాం. ముందు మన ఆడవాళ్ళ కథతోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే పెళ్ళినిబట్టి పౌరసత్వం తేల్చే పద్ధతి మొదట దెబ్బతీసింది ఆడవాళ్ళనే.

బ్రిటిషు సామ్రాజ్యానికంతటికీ 1914లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం భర్త ఏ దేశంవాడైతే భార్య ఆ దేశానిదే. పరదేశిని పెళ్ళాడితే ఆమె కూడా పరదేశి అయిపోయినట్టే. ఆమె ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. అమెరికాలోనూ 1907 నుంచి ఇదే తంతు. 1922లో కొంత సడలించారు గానీ, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకున్న ఆడదానికి ఆ సడలింపు వర్తించలేదు. మరుసటి ఏడు, 1923లో, భగత్‌సింగ్ తింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు ఆ అర్హత లేనివారి కిందికే వస్తారని తేల్చింది. తారక్‌నాథ్ దాస్ అనే బెంగాలీ ఉద్యమకారుణ్ణి పెళ్ళాడిన మేరీ దాస్ పుట్టుకతో అమెరికన్. అయినా ఆవిడ పుట్టినగడ్డ మీదే పరాయిదై కూర్చుంది. ఆ నిబంధన 1931 దాకా అలాగే ఉంది.

ఇక అసలు ప్రశ్న. అమెరికా 1952లో చేసిన వలస చట్టంలో, మానసికంగా వికృత స్వభావం ఉన్నవాళ్ళను దేశంలోకి రానివ్వకూడదని రాశారు. స్వలింగ ప్రేమ కలవాళ్ళను ఆ మాట కింద చేర్చి బయటికి పంపేవారు. 1965లో కొత్త చట్టం వచ్చింది. దేశాలవారీ కోటాలు ఎత్తేసి, మన తెలుగు డాక్టర్లకూ ఇంజనీర్లకూ అమెరికా తలుపు తెరిచింది ఈ చట్టమే. మన బంధువర్గాల్లో ఎందరి బతుకులనో మార్చిన చట్టం. అదే కాగితంలో, అదే సంతకంతో, ‘లైంగిక వక్రత’ అన్న మాటను కూడా చేర్చారు. మనకు తలుపు తీసిన చేత్తోనే ఇంకొకరికి గడియ వేశారన్న సంగతి, అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళలో ఎక్కువమందికి తెలియదనుకుంటాను.

ఆ రోజుల్లో క్లైవ్ బూటిలియే అనే ఆయన ఉండేవారు. కెనడాలో పుట్టి, 21వ ఏట, 1955లో అమెరికా చేరాడు. 1963లో పౌరసత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అంతకు నాలుగేళ్ళ ముందు తనను ఒక మగవాడితో సంబంధం కేసులో పట్టుకున్నారనీ, ఆ కేసు కొట్టేశారనీ తానే ఒప్పుకున్నాడు. అడిగినదానికి నిజం చెప్పాడంతే. పౌరసత్వం మాట దేవుడెరుగు, ఉన్న నివాసానికే ఎసరు వచ్చింది. ఇద్దరు మానసిక వైద్యులు ఇతనికి అలాంటి జబ్బేమీ లేదని రాసిచ్చినా లాభం లేకపోయింది. 1967లో సుప్రీంకోర్టు ముగ్గురు కాదన్నా ఆరుగురి మాట మీద అతన్ని పంపేయవచ్చంది. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘమే స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. చట్టంలో ఆ మాట పోవడానికి మాత్రం 1990 దాకా పట్టింది. ఈ లోపల ఎంతమంది నోరు మూసుకుని అర్జీలు నింపారో!

మాట పోయినా పెళ్ళి గడి మిగిలింది. రిచర్డ్ ఆడమ్స్ అనే అమెరికన్, టోనీ సలివన్ అనే ఆస్ట్రేలియావాడు 1975లో కొలరాడోలో పెళ్ళి చేసుకున్నారు. భర్తగా సలివన్‌కు నివాసపు హక్కు అడిగితే, వలస చట్టం దృష్టిలో అది పెళ్ళే కాదని 1982లో కోర్టు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో దారి తెరుచుకుంది గానీ, ఆడమ్స్ అంతకు ముందే, 2012లో, చనిపోయాడు. అతని భార్యాభర్తల దరఖాస్తు మీదే సలివన్‌కు గ్రీన్‌కార్డు 2016లో వచ్చింది. పెళ్ళయిన 41 ఏళ్ళకు!

మన దేశం మాటేమిటి? 1955 నాటి మన పౌరసత్వ చట్టంలో ఎవరిని ప్రేమిస్తున్నావన్న ప్రశ్నే లేదు. అయితే అక్కడా పెళ్ళి గడి ఉంది, ఆ గడి మొదట్నుంచీ మగవాడి వైపే. భారతీయుడి విదేశీ భార్య పెళ్ళి పేరుతో పౌరసత్వం అడగవచ్చు. భారతీయురాలి విదేశీ భర్తకు 1986 సవరణ దాకా ఆ వీలు లేదు. మన అమ్మాయి విదేశంలో బిడ్డను కంటే, తండ్రి పరదేశి అయినప్పుడు తల్లినిబట్టి ఆ బిడ్డకు పౌరసత్వం రావడం కూడా 1992 సవరణతోనే మొదలైంది. తల్లి లెక్కలోకి రావడానికి 37 ఏళ్ళు పట్టిందన్నమాట.

స్వలింగ సంబంధాన్ని నేరమన్నది 1860 నాటి దొరల శిక్షాస్మృతిలోని 377వ సెక్షను. పెద్దవాళ్ళు ఇష్టపడి చేసుకున్న సంబంధానికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. నేరమైతే పోయింది. పెళ్ళి మాత్రం రాలేదు. హైదరాబాదుకు చెందిన జంట ముందు నిలిచి నడిపిన కేసులో, పెళ్ళి హక్కును తాము ఇవ్వలేమనీ అది శాసనసభల పని అనీ 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది.

ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. మన ధర్మవరం అబ్బాయి ఒకడు అమెరికాలో అక్కడి మగవాణ్ణి పెళ్ళాడాడు. ఆ పెళ్ళినిబట్టి అక్కడి పౌరసత్వం అతనికి దక్కుతుంది. అమ్మను చూసుకోవాలని ఇద్దరూ ఇంటికి వస్తే, ఆ భర్తకు పెళ్ళిని చూపి ఇక్కడ పౌరసత్వం అడిగే దారి లేదు. మామూలు పెళ్ళయితే ఏడేళ్ళు ఇక్కడ కాపురముండి అర్జీ పెట్టుకోవచ్చు. ఇతనికి మిగిలింది ఒంటరి మనిషిగా, పన్నెండేళ్ళ నివాసం చూపించి, సత్ప్రవర్తన నిరూపించుకుని అడగడమే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష కూడా వచ్చి ఉండాలి. అది తెలుగైనా సరే, అత్తగారి దగ్గర నేర్చుకోవచ్చు. కానీ ఆ పన్నెండేళ్ళూ ఇక్కడ ఉండటానికి వీసా కావాలి కదా, భర్తననే లెక్కన అది అడగలేడు. ఉద్యోగం వీసానో, మరొకటో వెతుక్కోవాలి.