బాగే ఆమ్ - అందరి తోట



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు పానగల్లు గుళ్ళ గురించో, దేవరకొండ ఖిల్లా గురించో రాద్దామనుకున్నాను. వాటిని గురించి రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను గుమాస్తాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ఫైలు చంకన పెట్టుకొని హైదరాబాదు పోయినవారిలో చాలామంది ఏదో ఒకనాడు కాసేపు కూర్చున్న చోటు గురించి రాస్తాను. అదే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్.

నేను దాన్ని మొదట చూసింది 1961లో. అప్పుడు నాకు పదేళ్ళు. మా నాయిన పట్వారీ. ఉర్దూలో చదువుకున్నవాడు. ఏదో భూమి తగాదా పని మీద పట్నం పోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. గౌలిగూడలో బస్సు దిగి నాంపల్లి చేరాము. ఆ రోజుల్లో జంతు ప్రదర్శనశాల ఈ తోటలోనే ఉండేది. 1963లో నెహ్రూ జూ పార్కు తెరిచాక జంతువులు అక్కడికి తరలిపోయాయి. బోనుల ముందు నిలబడి నేను సద్ది తినడం కూడా మరిచాను.

"దీన్ని బాగే ఆమ్ అంటరు బిడ్డా" అన్నాడు నాయిన.

"మామిడి తోటనా? మరి కాయలేవి?" అన్నాను. ఆమ్ అంటే మామిడిపండు అని నాకు తెలుసు.

నాయిన నవ్వి, మట్టిలో పుల్లతో రెండు మాటలు రాశాడు. "పండు ఆమ్‌కు అలిఫ్ రాస్తరు, ఈ ఆమ్‌కు ఐన్ రాస్తరు. ఈ ఆమ్ అంటే అందరిదీ అని. నవాబు కూసున్నా ఇదే గడ్డి, నువు కూసున్నా ఇదే గడ్డి" అన్నాడు.

ఈ తోట పందొమ్మిదో శతాబ్దిలో నిజాం ప్రభువుల కాలంలో వెలిసింది. ఇందులో ఒక్కొక్క భవనం ఒక్కొక్క కాలానికి సాక్ష్యం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో జన్మదినం గుర్తుగా 1905లో టౌన్ హాలుకు పునాది వేశారు. మన పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఈయన పేరు మీదనే. 1908లో మూసీ వరదలు వచ్చాయి. 1911లో ఆయన కాలం చేశారు. 1913లో ఆ తెల్లని భవనం పూర్తయ్యేనాటికి గద్దె మీద ఉన్నది కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్. 1952 ఎన్నికల తరువాత హైదరాబాదు రాష్ట్ర శాసనసభ ఆ టౌన్ హాలులోనే కొలువు తీరింది. అప్పటి ముఖ్యమంత్రి మన పాలమూరు జిల్లావారైన బూర్గుల రామకృష్ణారావు గారు. రాజు పుట్టినరోజుకు కట్టిన హాలులో ప్రజలు ఎన్నుకున్నవారు కూర్చున్నారు. ఎదురుగా గన్ పార్కులో 1969 ఉద్యమ అమరుల స్తూపం ఉంది. దాన్ని మలచినవారు శిల్పి ఎక్కా యాదగిరిరావు గారు.

ఇక నా సంగతి. 1986లో పాలమూరు జిల్లాలో ఒక కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. మా దగ్గర పనిచేస్తూ చనిపోయిన ఒక అటెండరు భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రావాలి. ఆ సర్వీసు రిజిస్టరు పట్టుకొని నగరంలోని ఒక పై కార్యాలయానికి పోయాను. "రేపు రండి" అన్నారు. మరునాడు పోతే సంబంధిత గుమాస్తా సెలవు. మూడోనాడు మళ్ళీ "రేపు" అన్నారు. ఏమి చేయాలో తోచక పబ్లిక్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చున్నాను. ఎండ ముదిరితే మ్యూజియం లోపలికి పోయాను. అందులో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడవ నిజాంకు ఇవ్వగా, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చారు. రెండు వేల ఏండ్లకు పైబడిన దేహం. ఇంతకంటే ఎక్కువ కాలం కదలకుండా ఉన్న ఫైలు ఉండదులే అని నాలో నేను నవ్వుకున్నాను.

ఆ నవ్వు నిలువలేదు. మళ్ళీ బెంచీ మీదికి వచ్చాక ఆ అటెండరు భార్య కండ్లముందు మెదిలింది. ఆమె ఎనిమిది నెలల నుంచి మా కార్యాలయం చుట్టూ తిరుగుతున్నది. నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను కూడా "రేపు రామ్మా" అన్నవాడినే. ఆ ఎనిమిది నెలల్లో కనీసం మూడు నెలల ఆలస్యం నా బల్ల మీదిదే. నాకు కూర్చోవడానికి చెట్టు నీడ, బెంచీ ఉన్నాయి. ఆమె మా వరండాలో గోడకానుకొని నిలబడేది. సర్కారు కచేరి కూడా ఐన్‌తో రాసే ఆమ్ కావాలి గదా అనిపించింది. నాలుగోనాడు మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చింది. తిరిగి వచ్చాక మా వేపచెట్టు కింద ఒక బెంచీ వేయించాను. ఆ తరువాత పదవీ విరమణ దాకా ఎవరికీ "రేపు" అని చెప్పలేదు. పని ఏ తేదీకి అవుతుందో ఆ తేదీ చెప్పాను. తప్పిన రోజులు లేవని అనను. తప్పినప్పుడు నేనే లేచి పోయి కారణం చెప్పాను.

మొన్న చలికాలంలో మా మనుమణ్ణి తీసుకొని మళ్ళీ పోయాను. బాల భవన్, షాహీ మసీదు, జూబిలీ హాలు, మ్యూజియం అన్నీ చూపించాను. తోటలో భవనాలు కాలక్రమంలో పెరిగాయి. 1985లో శాసనసభకు కొత్త భవనం కూడా వచ్చింది. భవనాలు అవసరమే, కాదనను. కాని మిగిలిన నేల మీద గడ్డి, చెట్లు, బెంచీలు ఉండాలి. ఊరి నుంచి పని మీద వచ్చినవాడికి రూపాయి ఖర్చు లేకుండా కూర్చునే చోటు నగరం నడిబొడ్డున ఇంకెక్కడుంది?

పేరు చెప్పగానే మావాడు "తాతా, మామిడి చెట్లెక్కడ?" అన్నాడు. నాకు మా నాయినలాగా మట్టిలో ఉర్దూ రాయడం రాదు. అలిఫ్, ఐన్ సంగతి నోటితోనే చెప్పాను. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలాయన విని, పుల్ల తీసుకొని రాసి చూపించాడు.

మిత్రులు హైదరాబాదు పోయినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకుపోవలెనని నా మనవి.