కుడితి తొట్టి చెప్పే చరిత్ర

మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పాడి ఉన్న ఇళ్ల దగ్గర కుడితి తొట్టిని మీరు చూసే ఉంటారు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు అందులో చేరి పులుస్తాయి. ఆ పులుపు ఈస్ట్‌లు, బాక్టీరియాల పని. శాసనాలకెక్కని ఈ తొట్టి కూడా చరిత్రకు ఆధారమే. ఎలాగో చూద్దాం.

మొదట తవుడు సంగతి. 1890లలో బటావియాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్ల కాళ్లు చచ్చుబడటం, తవుడు తీయని బియ్యంతో అవి కోలుకోవడం గమనించాడు. మన సర్కారు జిల్లాల్లోనూ మిల్లు బియ్యం తినేవారిని బెరిబెరి బాధించింది. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడమే కారణం. 1918లో కూనూరులో మొదలైన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

జొన్న తినేవారి సమస్య వేరు. దక్కనులో జొన్నే ముఖ్యాహారమైన పేదలలో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు కట్టేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు దీనితో సంబంధం ఉందని 1960లో సి. గోపాలన్ బృందం ప్రతిపాదించింది. అంతకుముందే, 1927 మిసిసిపీ వరదల తర్వాత, గోల్డ్‌బర్గర్ సలహాపై పెల్లాగ్రా నివారణకు అమెరికాలో ఈస్ట్ పంచారు.

ఈస్ట్‌కు ఆ శక్తి ఎక్కడిది? అది పెరుగుతూ బి విటమిన్లను తయారు చేస్తుంది. ఎండిన ఈస్ట్‌లో సుమారు 40–50 శాతం ప్రోటీనే. తవుడులోని పిండిపదార్థాన్ని ముందు చక్కెరగా మార్చి, నత్రజని అందిస్తే, ఈస్ట్ దానిపై పెరిగి ప్రోటీన్‌ను పెంచుతుంది. ఇనుము, జింకులను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్ కూడా పులియడంతో తగ్గుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ మొలాసిస్‌పై, అమ్మోనియం లవణాలతో, పశువుల మేతకు ఈస్ట్ పెంచింది. అయితే ఈస్ట్ బి12ను ఇవ్వదు. కుడితి పులుపు కూడా ఈ అదుపులో జరిగే పద్ధతికి సమానం కాదు.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఇక్కడివారి తిండి జొన్న రొట్టె, కొర్రన్నం, పులిసిన అంబలి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ మేలును తక్కువ చేయలేం. కానీ తెల్లబియ్యం పళ్లానికి చేరింది, తవుడు తొట్టికి చేరింది. పశువుకు దక్కిన పోషకం మనిషికి దక్కలేదు. నేటి రక్తహీనత గురించి ఆలోచించేటప్పుడు ఈ మార్పునూ లెక్కలోకి తీసుకోవాలి.

అభ్యాసం: మీ ఇంటి పెద్దలను అడిగి, 1983కు ముందు, తర్వాత ఏ ధాన్యం తిన్నారో, తవుడును ఏం చేశారో, ఏది పులియబెట్టారో పది వాక్యాలలో రాయండి. ఏ పుస్తకంలోనూ లేని ఆధారం మీ చేతికి వస్తుంది.