మన సెంటర్లు – మన చెట్లు

మన సంఘ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. కరువు భత్యం గురించి, పి.ఆర్.సి. బకాయిల గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పైయేళ్లకు పైగా ఫైళ్ల మధ్య బతికిన గుమాస్తాను. అందుచేత ఒక ఫైలు గురించీ, దానితోపాటు మన ఊళ్ల చెట్ల చరిత్ర గురించీ నాలుగు మాటలు రాస్తాను.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో మనం చౌరస్తా అనము, సెంటరు అంటాము. ఒక విగ్రహం, రిక్షాల స్టాండు, టీ కొట్టు, సైకిలు షాపు, వీటన్నిటి మీదా గొడుగు పట్టినట్లు ఒక రావిచెట్టో నిద్రగన్నేరు చెట్టో ఉంటే అది సెంటరు. అర్జీలు రాసేవాళ్లకు ఆ చెట్టు కిందే ఆఫీసు. చెప్పులు కుట్టేవాళ్లకు అదే దుకాణం. తాలూకా కచేరీకి పొరుగూళ్ల నుంచి వచ్చిన రైతుకు మధ్యాహ్నం నడుము వాల్చే చోటు కూడా అదే.

ఈ చెట్లు వాటంతట అవి మొలిచినవి కావు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు బాటల వెంట మర్రిచెట్లు నాటించి, మనుషులకూ పశువులకూ నీడ కోసమని కారణం సహా స్తంభం మీద చెక్కించాడు. ఇంగ్లీషువారి కాలంలోనూ సర్కారు నేలలో ఉన్న చెట్టుకు లెక్క ఉండేది. పోరంబోకులో చెట్టును పెంచి అనుభవించే వాడికి 2-సి పట్టా ఇచ్చేవారు. నేల సర్కారుది, ఫలసాయం సాకినవాడిది. రోడ్డు పక్క చింతచెట్ల కాపును ఏటా వేలం వేసేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీనియరు గుమాస్తాగారు నాకు నేర్పిన మొదటి పనుల్లో ఈ లెక్కలు కూడా ఉన్నాయి.

అభివృద్ధి పేరుతో ఉన్నదాన్ని పడగొట్టడం కూడా మనకు కొత్త కాదు. రేపల్లె దగ్గరి భట్టిప్రోలునే చూడండి. రెండు వేల ఏళ్లకు పైబడిన బౌద్ధ స్తూపం అక్కడ ఉండేది. 19వ శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్డుకు పోయాయి, చలువరాళ్లు వెల్లటూరు వద్ద కాలువ తూముకు పోయాయి. ఆనాటి అధికారుల లెక్కలో అది ఊరికే పడి ఉన్న సామగ్రి. తరువాత 1892లో అలెగ్జాండర్ రీ ఆ దిబ్బను తవ్వితే ధాతు కరండాలు, వాటి మీద ప్రాచీన లిపి బయటపడ్డాయి. అప్పటికి పైభాగం చాలావరకు పోయింది. తూము పనికిమాలినదని నేననను. డెల్టాకు నీరు ఇచ్చింది ఆ కాలువలే. అయితే తూముకు రాయి మరొక చోట దొరికేది, స్తూపం మరొక చోట దొరకదు.

సెంటరు అంటే ఒట్టి ఖాళీ జాగా కాదని తెలియాలంటే తెనాలి రణరంగచౌకు వెళ్లాలి. క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 12న జరిగిన పోలీసు కాల్పుల్లో అక్కడ ఏడుగురు నేలకొరిగారు. వారి పేరున ఏడు స్తూపాలు నిలిపారు. ఎన్ని ప్రభుత్వాలు మారినా, ట్రాఫిక్ ఎంత పెరిగినా, ఆ స్తూపాలు అడ్డమని ఎవరూ అనరు. కారణం, అక్కడ ఏమి జరిగిందో ఊరికి తెలుసు. చెట్టుకు ఆ భాగ్యం లేదు. దాని కింద జరిగినదంతా మామూలు బతుకు గనుక ఎవరూ రాసి పెట్టరు.

ఇక నా ఫైలు సంగతి. ఊరి పేరు అక్కరలేదు, మన డెల్టాలోనిదే. 1985లో మండలాలు వచ్చాయి, తాలూకా కచేరీలు పోయాయి. దాంతో ఆ కచేరీ ముందున్న సెంటరు దిక్కులేనిదైంది. మురుగు కాలువ పూడిపోయింది, అరుగు పగిలిపోయింది, బడ్డీలు అడ్డదిడ్డంగా వెలిశాయి. 1988లో దాన్ని బాగుచేయాలని ప్రతిపాదన వచ్చింది. రోడ్డు వెడల్పు, దుకాణాల వరుస, మధ్యలో ఫౌంటెన్. అందుకు పదకొండు చెట్లు తీసివేయాలి. జాబితా తయారుచేసి ఫైలు పెట్టినది నేనే. వరుస సంఖ్య, జాతి, చుట్టుకొలత, కలప విలువ, రిమార్కులు. రిమార్కుల గడిలో పదకొండుసార్లు "ఆటంకముగా నున్నది" అని రాశాను. ఆ ఫారంలో నీడకు గడి లేదు.

రావిచెట్టు కింద మజ్జిగ అమ్మే ముసలామె ఒకరోజు ఆఫీసు మెట్ల దగ్గర ఆపి, "బాబుగారూ, ఆ ఒక్క చెట్టన్నా ఉంచుతారా?" అని అడిగింది. "నా చేతుల్లో ఏముంది మామ్మా, పైవాళ్లు చూస్తారు" అన్నాను. అది పూర్తి నిజం కాదు. "ఒక చెట్టు ఉంచుటకు ప్లాను మార్చవచ్చునా?" అని ఒక్క వాక్యం నోట్‌లో రాయవచ్చు. రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, కానీ నేను రాయలేదు. చెట్లు వేలం అయ్యాయి. ఫౌంటెన్ కొద్ది నెలలు ఎగిరి ఆగిపోయింది.

2015 మే నెలలో వడదెబ్బకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే నా శ్రీమతితో ఆ సెంటరులో బస్సు కోసం నిలబడ్డాను. ఆమె కళ్లు తిరిగి కూలబడింది. నీడ కోసం చూస్తే ఒక ఫ్లెక్సీ కింద జానెడు. టీ కొట్టు కుర్రవాడు నీళ్లు తెచ్చి లోపల కూర్చోబెట్టాడు, గండం గడిచింది. మేము నిలబడిన చోటు నాకు తెలుసు. జాబితాలో వరుస సంఖ్య 4, రావి.

మరి చెట్టు ఉంటే అభివృద్ధి ఆగిపోవలసిందేనా? కాదు. హైదరాబాదు – బీజాపూరు రహదారిలో చేవెళ్ల మర్రిచెట్ల కథ చూడండి. సుమారు 46 కిలోమీటర్ల మేర తొమ్మిది వందలకు దగ్గరగా పెద్ద మర్రిచెట్లు. విస్తరణ కోసం వాటిని తీసేయాలన్నప్పుడు పౌరులు ఒక్కొక్క చెట్టునూ లెక్కపెట్టి, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. రోడ్డు వెడల్పు కావాలన్నది కూడా నిజమే. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది పోయారు. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, మిగిలినవాటిని తరలించి రోడ్డు వేసేలా ప్లాను మారింది. ఆ పని మొదటే జరిగి ఉంటే ఇన్నేళ్ల వ్యాజ్యం ఉండేది కాదు.

ఇంగ్లండులో ప్లిమత్ నగరంలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. పాతబడిన ఆర్మడా వే అనే నడిబొడ్డు వీధిని బాగుచేస్తామని, జనం వద్దంటున్నా 2023 మార్చి 14 రాత్రి చెట్లు నరకడం మొదలుపెట్టారు. న్యాయస్థానం ఉత్తర్వు అందేసరికి నూటికి పైగా నేలకూలాయి. ఆ నెలలోనే నగరపాలక నాయకుడు పదవి వదులుకోవలసి వచ్చింది. ఆయన పదవి పోయింది సరే, చెట్లు రాలేదు.

మిత్రులకు నా మనవి ఒక్కటే. ఫైలు ఎక్కడ మలుపు తిరుగుతుందో మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. టెండరు పిలిచాక అరిచి లాభం లేదు. మాట చెల్లేది ఎస్టిమేటు దశలోనే. మీ ఊరి సెంటరు బాగుచేస్తామని వినగానే సంఘం తరఫున వెళ్లి ప్లాను చూడండి. చెట్లను ముందు గుర్తించి, రోడ్డు గీత తరువాత గీయమని అడగండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి కావాలి. అది తీసుకున్నారా అని రాతపూర్వకంగా అడగండి. మర్రి, రావి తరలిస్తే బతకవచ్చు. తల్లివేరుతో దిగిన ముదురు వేప, చింత బతకడం కష్టం.

మనకు కలం ఇంకా ఉంది. అప్పుడు నేను రాయని ఆ ఒక్క వాక్యం ఇప్పుడు మీలో ఎవరైనా రాస్తే ఈ వ్యాసం ఊరికే పోనట్లే.