పహాణీల్లో లేని పేరు

2015 జులైలో గోదావరి పుష్కరాలకు ధర్మపురి వెళ్లాను. బాపు పోయి అప్పటికి ఏడాదైంది. నదిలో నిలబడి తర్పణం వదులుతుంటే అయ్యగారు వరసగా పేర్లు అడుగుతున్నారు. గోత్రం చెప్పాను, బాపు పేరు చెప్పాను, తాత పేరు, ముత్తాత పేరు చెప్పాను. తరవాత నాయనమ్మ పేరు అడిగారు. నన్ను ఎత్తుకుని పెంచిన మా బాపమ్మ పేరు చెప్పాను. గట్టు మీద కూర్చున్న మా మేనత్త అక్కడి నుంచే అన్నది: “ఆమె మా అమ్మరా. మీ బాపును కన్నతల్లి వేరే.”

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఈ మాట అంతకుముందు ఒక్కసారీ వినలేదు. “మరి ఆమె పేరేంది అత్తమ్మా?” అంటే, “ఏమో బిడ్డా, మా అమ్మ ‘అక్క’ అనే అనేది” అన్నది. అయ్యగారికి ఇలాంటివి అలవాటే కావచ్చు. పేరు తెలియకపోతే ఏం చెప్పాలో ఆయనే చెప్పి కార్యం నడిపించారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు నిలవలేదు.

మన సంచికకు బడి జ్ఞాపకాలు రాయమన్నారు. కానీ ఈ వెతుకులాట మొదలైంది బడిలోనే కనుక ఇదే రాస్తున్నాను. నేను చేసిన మొదటి పని మన హెడ్మాస్టరు గారిని అడిగి అడ్మిషన్ రిజిస్టరు చూడటం. నా పేరు ఉంది, బాపు పేరు ఉంది, కులం, ఊరు, పుట్టిన తేదీ ఉన్నాయి. (మా తరగతిలో సగం మంది జూన్, జులై నెలల్లోనే పుట్టాం. ఆ ఘనత ఎవరిదో మీకు తెలుసు, సారుకు నమస్కారం.) తల్లి పేరుకు గడి లేదు. నా పదో తరగతి మెమోలోనూ తండ్రి పేరు ఒక్కటే. ఇప్పటి పిల్లల మెమోల్లో తల్లి పేరు కూడా వస్తోంది.

బాపు సిరిసిల్లలో ఉర్దూ మీడియంలో చదివాడు. ఆయన సర్టిఫికెట్ పెట్టె అడుగున దొరికింది. మనకు ఉర్దూ చెప్పిన సారు ఇంటికి పట్టుకుపోతే అద్దాలు పైకి తోసి చదివారు. పుట్టింది ఫస్లీ 1350, తీర్ నెల. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని అందరూ చెప్తారు. అలా లెక్కిస్తే 1940. కానీ నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది, తీర్ ఎనిమిదో నెల. అంటే జనవరి దాటింది, 591 కలపాలి. బాపు పుట్టింది 1941 మేలో. పాత కాగితాలు వెతికేవాళ్లు ఈ ఒక్క ఏడాది తేడా గుర్తుపెట్టుకోండి, నేను దానివల్ల నెల రోజులు తప్పు దారిలో తిరిగాను. ఆ సర్టిఫికెట్లోనూ వల్దియత్, అంటే తండ్రి పేరే ఉంది.

తరవాత రెవెన్యూ రికార్డులు. మాది మగ్గం మీద బతికిన ఇల్లు, భూమి అంతంతే. అయినా సిరిసిల్ల పక్కన ఇరవై గుంటల చెలక ఉండేదని విన్నాను. 1954-55 ఖాస్రా పహాణీ నకలు సంపాదించాను. తెలంగాణలో భూమి తగాదాలన్నీ చివరికి వచ్చి ఆగేది ఆ పహాణీ దగ్గరే. పట్టాదారు తాత, కాస్తు చేసింది తాత, తాతకు తండ్రి పేరు కూడా రాశారు. అంతకు వెనక సేత్వార్‌లో ముత్తాత దొరికాడు. నాలుగు తరాల మగవాళ్లు వరసగా, వంశవృక్షం గీసినట్టు వచ్చేశారు. అందులో ఒక్క ఆడమనిషి లేదు. జనాభా లెక్కల్లో ఉంటుందేమో అనుకున్నాను. హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచి లెక్కలు తీశారు గానీ ఇంటింటి కాగితాలు దాచరు, మొత్తాలే మిగులుతాయి.

కులం కథ చెప్పే కూనపులి వాళ్లను కూడా అడిగాను. పటం విప్పి మార్కండేయుడి నుంచి భావనారుషి దాకా, ఆయన నూట ఒక్క కొడుకుల నుంచి మన నూట ఒక్క గోత్రాల దాకా చెప్తారు. మా గోత్రం ఏ కొడుకుదో చెప్పారు. మా బాపమ్మ సంగతి వాళ్ల పటంలో ఎందుకుంటుంది?

ఆ రోజుల్లోనే జగిత్యాల నుంచి కరీంనగర్ పోతూ కురిక్యాల దగ్గర ఆగాను. ఆ దారిన వెయ్యిసార్లు పోయి ఉంటాను, బొమ్మలగుట్ట ఎక్కింది అదే మొదటిసారి. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు అక్కడ రాతి మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలో శాసనం చెక్కించాడు. అందులోని తెలుగు కంద పద్యాల వల్ల ఆ గుట్టకు పేరొచ్చింది. నన్ను నిలబెట్టింది మాత్రం వేరే సంగతి. జినవల్లభుడు వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి పంపడి తమ్ముడు. ఆ రాతి మీద తన ఇంటి వాళ్లను చెప్పుకున్నాడు. తండ్రి భీమపయ్య అన్నాడు, తల్లి అబ్బణబ్బె అన్నాడు. వెయ్యేళ్ల కింద ఒక కొడుకు తల్లి పేరు రాయి మీద పెట్టించాడు. ఎనభై ఏళ్ల కిందటి తల్లి పేరు కోసం ఇంజనీరునైన నేను ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. గుట్ట దిగేటప్పుడు కొంచెం సిగ్గేసింది.

మళ్లీ కోరుట్లలో అత్తమ్మ దగ్గరికే పోయాను. కాగితాల సంగతి వదిలేసి, బాపమ్మ గురించి ఏది గుర్తుంటే అది చెప్పమన్నాను. అప్పుడు చెప్పింది. బాపమ్మ పుస్తెలతాడుకు పుస్తెలతో పాటు ఒక చిన్న బిళ్ల ఉండేది. అది నేనూ చూశాను, చిన్నప్పుడు ఒళ్లో పడుకుని దానితో ఆడుకున్నాను. మొదటి భార్య చనిపోయిన ఇంటికి వచ్చిన రెండో ఆమె వేసుకునే బిళ్ల అది. పెత్తరమాస నాడు బాపమ్మ చేటలో బియ్యం ఒక పిడికెడు పక్కకు తీసిపెట్టేదట. ఎవరికి అంటే “అక్కకు” అనేదట. నేను వెతుకుతున్న రికార్డు ఇన్నేళ్లూ ఆమె మెడలోనే ఉంది. చదవడం నాకు రాలేదు.

ఇంకో మాట కూడా అత్తమ్మ నోటి నుంచి వచ్చింది: ఆ ‘అక్క’ తల్లిగారిల్లు మానేరు ఒడ్డున, వేములవాడ దిక్కు. ఊరి పేరు చెప్పగానే నాకు గుండె జారింది. మిడ్ మానేరు కింద అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, చింతల్‌ఠాణా, కొదురుపాక లాంటి ఊళ్లు పోయాయి. ఇదీ వాటిలో ఒకటి. 2019లో కాళేశ్వరం నీళ్లతో ఆ రిజర్వాయరు నిండింది. నేను ఆ ప్రాజెక్టులో పని చేయలేదు గానీ ముంపు జాబితాలు ఎలా తయారవుతాయో నాకు బాగా తెలుసు. ఇల్లు, బావి, చింతచెట్టు, మామిడిచెట్టు అన్నిటికీ ఒక్కో గడి ఉంటుంది.

పునరావాస కాలనీలో మూడుసార్లు తిరిగితే బాపు మేనమామ కొడుకు దొరికాడు. నాకు వరసకు మామ. డెబ్బై దాటాయి. సంగతి చెప్పగానే లోపలికి పోయి ఇత్తడి బిందె పట్టుకొచ్చాడు. మా మేనత్త పెండ్లి నాడు పెట్టిన బిందె, ఆమె పోయినంక సామాను తిరిగి వచ్చింది, అన్నాడు. మెడ కింద పొడిచిన చుక్కలతో పేరు ఉంది. నాలుగక్షరాలు. కింద “1347 ఫ.” అని. 1937-38. బాపు పుట్టడానికి మూడు నాలుగేళ్ల ముందు. లెక్క సరిపోయింది. అయినా ఒక్క ఆధారం మీద నమ్మే అలవాటు లేదు నాకు, కాలనీలో ఇంకో ముసలామెను విడిగా అడిగాను. అదే పేరు చెప్పింది, రెండో కాన్పుకు తల్లిగారింటికి వచ్చి పోయిందని కూడా చెప్పింది.

గోరీ చూపిస్తావా మామా, అన్నాను. రిజర్వాయరు కట్ట మీదికి తీసుకుపోయాడు. నీళ్ల మధ్యలోకి చెయ్యి చూపించి, “ఆ మోడు కనిపిస్తందా, దానికి ఇవతల మా బొందలగడ్డ” అన్నాడు. “ఇంటికి పైసలిచ్చిన్రు, బాయికిచ్చిన్రు, చెట్టుకిచ్చిన్రు. గోరీకి ఏమిస్తరు?” నా దగ్గర జవాబు లేదు. ఆ గడి మా ఫారాల్లో ఎప్పుడూ చూడలేదు.

బిందె నాకిమ్మని అడగలేదు. అది వాళ్ల ఇంటి ఆడబిడ్డది. ఫొటో తీసుకున్నాను. పేరు ఈ సంచికలో వేద్దామనుకున్నాను గానీ అత్తమ్మ వద్దన్నది: “ఇంట్ల తెలిస్తే సాలు బిడ్డా.”

ఆ ఏడు పెత్తరమాసకు స్వయంపాకం ఇస్తూ అయ్యగారికి రెండు పేర్లు చెప్పాను. “ఇద్దర్లో మీ నాయనమ్మ ఎవరు?” అని అడిగారు. ఇద్దరూ అన్నాను. ఆయన ఏమీ అనలేదు, రెండూ చదివారు.