ఉప్పెక్కడుందో చెప్పే మనిషి

ఇంట్లో ఎంతమందున్నా "ఉప్పెక్కడుంది?" అని అందరూ అడిగేది ఒక్కరినే. ఆ ఒక్కరూ ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. కంప్యూటర్ల చరిత్రలోనూ అలాంటి మనిషి ఒకరున్నారంటే మాత్రం నమ్మరేమో!

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, క్రైస్లర్ కార్ల కంపెనీవాళ్లు తమ 87,000 మంది ఉద్యోగుల జీతాల లెక్కలన్నీ ఒకే ప్రోగ్రాంతో కట్టించాలనుకున్నారు. ఎంతకీ ఆ పని తెమల్లేదు. 1996లో కెంట్ బెక్ అనే ఆయన్ని పిలిచి చూపిస్తే, రాసిందంతా పక్కనపెట్టి మళ్లీ మొదలెట్టమన్నాడు.

ఆయన పద్ధతి పేరు 'ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్'. పేరు విని బెదిరిపోకండి. కొత్తకోడలికి మొదటిరోజే వందమంది వంట అప్పగిస్తామా? ఒక కూర చేయించి, రుచి చూసి, తర్వాతే రెండోది. వీళ్లూ అంతే. మూడేసి వారాలకు సరిపడా పనే తీసుకునేవారు. ఒక్క కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని, ఒకరు రాస్తుంటే రెండోవారు తప్పులు చూసేవారు. రాసిన ప్రతి ముక్కకీ అప్పటికప్పుడే పరీక్ష. పక్కనుండి నేర్పడానికి రాన్ జెఫ్రీస్ ఉండేవాడు. అందరికీ కొత్త పద్ధతే అయినా, 1997లో సుమారు 10,000 మంది జీతాలు ఆ ప్రోగ్రామే లెక్కకట్టింది!

అసలు సంగతి ఇక్కడుంది. జీతాల వ్యవహారం తెలిసినవారొకరు ఎప్పుడూ వాళ్లతోనే కూర్చోవాలని నియమం. ఏ కోత ఎంత, ఏది ముందు, ఏది వెనక... అన్నిటికీ ఆ మనిషే జవాబు చెప్పాలి. చెప్పీ చెప్పీ అలిసిపోయి చివరికి తప్పుకున్నారు. 1998లో కంపెనీ డైమ్లర్‌తో కలిసింది. 2000 ఫిబ్రవరిలో ఆ పనే ఆపేశారు. కారణం ఇదొక్కటేనని నేననను గానీ, ఇది చిన్న కారణం మాత్రం కాదు.

1999లో బెక్ రాసిన పుస్తకంలో, వారానికి 40 గంటల పని అన్నది ఒక నియమం. 2001లో యూటాలో 17 మంది కూడి ఇలాంటి పద్ధతులన్నిటికీ 'ఎజైల్' అని పేరు పెట్టారు. బెక్, జెఫ్రీస్ ఇద్దరూ అందులో ఉన్నారు. ఇవాళ మన పిల్లలు పనిచేసే ఆఫీసుల్లోనూ ఆ మాటే వినిపిస్తోంది.

మంచి పద్ధతే, కాదనను. కానీ రాసేవాళ్లని జంటగా కూర్చోబెట్టారే, మరి జవాబులు చెప్పే మనిషికి జంటేదీ? కొత్తవాళ్ల చేతికి పని ఇచ్చేచోట అడిగే నోళ్లు ఇంకా ఎక్కువ. అక్కడ ముందుగా తోడు కావలసింది చెప్పేవారికే. ఈ మాట మనకంటే బాగా ఇంకెవరికి తెలుసు?