శుక్రకణంలో క్రోమోజోముల వరుస

1870లలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర గుడ్లు పెట్టడానికి సాల్మన్ చేపలు రైన్ నదిలో ఎదురీదుకుంటూ వచ్చేవి. శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మీషర్ మగచేపల శుక్రకణాలు సేకరించి, అవి చెడిపోకుండా చలిగదిలో కూర్చుని పరీక్షించేవారు. శుక్రకణం తల దాదాపుగా కేంద్రకమే కాబట్టి, కేంద్రకంలోని పదార్థాలను వెతికే ఆయన పనికి అంతకన్నా మంచి సరుకు లేదు. అందులో న్యూక్లిక్ ఆమ్లాన్ని అంటిపెట్టుకున్న క్షారగుణపు పదార్థానికి 1874లో ప్రొటమీన్ అని పేరు పెట్టారు. దాని నిండా ఆర్జినైన్ ఉందని తర్వాత ఆల్‌బ్రెక్ట్ కోసెల్ తేల్చారు. ఆర్జినైన్‌ది ధనావేశం, డీఎన్ఏది రుణావేశం. అవి రెండూ గట్టిగా అంటుకోవడానికి మూలం అదే.

మిగతా కణాల్లో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రొటీన్లకు చుట్టుకుని ఉంటుంది. చాలా జంతువుల్లో శుక్రకణం తయారయ్యేటప్పుడు హిస్టోన్లు పోయి ప్రొటమీన్లు వస్తాయి. క్షీరదాల్లోనైతే డీఎన్ఏ చిల్లుగారెల ఆకారంలో చుట్టలు చుట్టుకుంటుంది. ఒక్కో చుట్టలో సుమారు 50 వేల క్షారజంటలు! ఇంతగా బిగిసిన ముద్దలో ఏ క్రోమోజోము ఎక్కడుందో మామూలు సూక్ష్మదర్శినికి చిక్కదు. అందుకే క్రోమోజోముల వరుసను వెతికిన చరిత్రలో ప్రతి మలుపూ ఒక కొత్త పరికరంతోనే వచ్చింది.

1962లో శాస్త్రవేత్తలు ఇనోయే, సాటో గుహల్లో ఉండే కీచురాయి బతికున్న శుక్రకణాలను ధ్రువీకృత కాంతిలో చూశారు. సన్నటి ఆ తలలో క్రోమోజోములు ఒకదాని వెనక ఒకటి నిలిచి ఉన్నాయని తేల్చారు. మనిషి సంగతి తేలడానికి ఇంకా ముప్ఫై ఏళ్లు పట్టింది. జలెన్‌స్కీ బృందం 1995లో సెంట్రోమియర్లు (క్రోమోజోముల నడుములు) కేంద్రకం లోపల గుంపుగా, టెలోమియర్లు (వాటి కొసలు) అంచున ఉన్నాయని చూపింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ప్లాటిపస్. గుడ్లు పెట్టే ఈ ఆస్ట్రేలియా క్షీరదం శుక్రకణం తల పక్షులకున్నట్టు పొడవుగా, దారంలా ఉంటుంది. అందులో 26 క్రోమోజోములు. వాటిలో అయిదు లైంగిక క్రోమోజోములే, అన్నీ ఎక్స్‌లు గానీ అన్నీ వైలు గానీ. జెన్నిఫర్ గ్రేవ్స్, ఆమె సహచరులు 1996లో ప్లాటిపస్, ఎకిడ్నాల శుక్రకణాల్లో క్రోమోజోములు కొసకు కొస తగిలేలా ఒక క్రమంలో ఉంటాయని ప్రకటించారు.

రెండేళ్లకే కోడిపుంజు ఎదురు సాక్ష్యం ఇచ్చింది. దాని శుక్రకణంలో ఏ వరుసా లేదని 1998 నాటి పరిశోధన చెప్పింది. 2009లో జన్యుఖండాలనే గుర్తులుగా వాడి మళ్లీ చూస్తే, పరీక్షించిన కోడి క్రోమోజోముల్లో సగానికి నిర్ణీత స్థానం ఉంది. ప్లాటిపస్‌లోనైతే దాదాపు అన్నిటికీ ఉంది. వరుస లేదన్న తీర్పు చాలావరకు ఆనాటి పరికరాల పరిమితి అని నా అభిప్రాయం.

2009 పరిశోధనే ఇంకో మాట కూడా చెప్పింది. ప్లాటిపస్ లైంగిక క్రోమోజోములు చాలావరకు తల వెనక భాగంలో చేరతాయి. మనిషి ఎక్స్ క్రోమోజోముకు సరిపోలే క్రోమోజోము మాత్రం కోడిలోనూ ప్లాటిపస్‌లోనూ మధ్యలోనే ఉంది, కాబట్టి తొలి స్థానం అదే అయివుండాలి. కొన్ని క్షీరదాల్లో ఎక్స్ తల ముందుకు రావడం తర్వాతి పరిణామంలో విడిగా జరిగిన మార్పని ఆ శాస్త్రవేత్తల ఊహ.