నార ముడులే శిల్పంగా: మృణాళినీ ముఖర్జీ కళ

శిల్పమంటే రాతిని చెక్కడం, లోహాన్ని పోతపోయడం అనే భావన మనలో బలంగా ఉంది. తాడు పేనడం, నార అల్లడం మాత్రం ఇంటి పనిగానో చేతివృత్తిగానో పరిగణిస్తాం. ఈ విభజనకు ఆధారం ఏమిటి? ఈ ప్రశ్నను తన పని ద్వారా ముందుకు తెచ్చిన భారతీయ శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949–2015).

ఆమె బొంబాయిలో జన్మించారు. తండ్రి వినోద్ బిహారీ ముఖర్జీ శాంతినికేతన్ చిత్రకారుడు; తల్లి లీలా ముఖర్జీ శిల్పి. మృణాళిని బరోడా విశ్వవిద్యాలయంలో చిత్రకళను, తర్వాత కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్ర రూపకల్పనను అభ్యసించారు. చేతివృత్తులను సజీవ సంప్రదాయంగా చూడాలన్న సుబ్రమణ్యన్ దృక్పథం ఆమెపై గాఢమైన ప్రభావం చూపింది. 1970ల ఆరంభంలోనే ఆమె నార తాళ్లతో పని మొదలుపెట్టారు.

ఆమె పద్ధతిని గమనించండి. మగ్గం లేదు; ముందుగా గీసుకున్న నమూనా లేదు. రంగు అద్దిన తాళ్లకు చేత్తో ముడి మీద ముడి వేస్తూ పోయేవారు. ఉట్టి అల్లిక చూసినవారికి ముడి బలం తెలుసు. ఉట్టిలో ముడులు కుండను మోస్తాయి. ఇక్కడ ముడులే మడతలుగా, శరీరంగా మారతాయి. తాడు తన బరువుకు తానే వంగుతుంది, వేలాడుతుంది. ఆ వంపుల నుంచే రేకులు, తొడిమలు, దేహాలు పుట్టాయి. అంటే, ఇక్కడ రూపాన్ని పదార్థమే చాలావరకు నిర్ణయించింది. సాంచీ తోరణంపై యక్షి చెట్టుకొమ్మను పట్టుకొని ఉంటుంది. ముఖర్జీ ‘యక్షి’ (1984)లో స్త్రీని, చెట్టును విడదీసి చూడలేం. ‘పక్షి’ (1985), ‘వనశ్రీ’ (1994) కూడా ఈ కోవలోనివే.

ఈ కృతులను చాలాకాలం పలువురు విమర్శకులు హస్తకళగానే చూశారు. నార వెలుతురుకు వెలిసిపోతుంది, దుమ్ము పడుతుంది. రాయిలా శతాబ్దాలు నిలవదు. అయితే మన్నికనే శిల్పానికి కొలబద్దగా తీసుకోవాలా అన్నది విద్యార్థులు ఆలోచించవలసిన విషయం.

1990ల మధ్య నుంచి ఆమె కాల్చిన మట్టితోను, 2000ల తర్వాత కంచుతోను పనిచేశారు. కంచు పోతకు ముందు మైనాన్ని చేత్తోనే మలచారు. ఆకులు, కాడలు అందులోనూ కొనసాగాయి. కనుక ఆమెను కేవలం ‘తాళ్ల శిల్పి’ అనడం సరికాదు. 2015 జనవరిలో ఢిల్లీ జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆమె సమగ్ర ప్రదర్శన ప్రారంభమైంది. కొద్ది రోజులకే ఆమె మరణించారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె కృతులను విస్తృతంగా ప్రదర్శించింది. ఒకప్పుడు హస్తకళగా పక్కన పెట్టిన ముడులకు శిల్పచరిత్రలో స్థానం లభించడానికి సుమారు నాలుగు దశాబ్దాలు పట్టింది.